పచ్చిపులుసు అన్నం మానకుండానే: పాలమూరు నుంచి ఒక కేసు

పేషెంటుకు 41 ఏళ్లు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో హార్డ్‌వేర్ షాపు నడుపుతారు. ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ఎవరో గుర్తు పట్టకుండా వృత్తి, కొన్ని కుటుంబ వివరాలు మార్చాను. రాసింది చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే బయటపెడుతున్నాను. డైటీషియన్ దగ్గరికి వచ్చే మగవాళ్లలో చాలామందిలాగే ఈయన కూడా బరువు కోసం రాలేదు. వేరే పనిమీద కడుపు స్కానింగ్ తీయిస్తే ‘ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2’ అని, అంటే కాలేయంలో కొవ్వు ఓ మోస్తరుగా పేరుకుందని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి పోతే ఆయన నా దగ్గరికి పంపారు.

2025 వేసవిలో మొదటిసారి చూసినప్పుడు ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 32.2, నడుము 108 సెంటీమీటర్లు. పరగడుపున షుగర్ 118, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.2, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 286, మంచి కొలెస్ట్రాల్ 36, బీపీ 138/88. థైరాయిడ్ బాగానే ఉంది. హెచ్‌బీఏ1సీ 6.5కు చేరితే డయాబెటిస్ అంటాం కాబట్టి షుగర్ జబ్బు ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర ఉంది.

“మా దోస్తులంత గిట్లనే ఉంటరు మేడం, నేనేం మరీ లావు కాదు” అన్నారు. చుట్టూ చూస్తే ఆ మాట నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మగవాళ్లలో మూడో వంతుకు దగ్గరగా అధిక బరువున్నట్టు తేలింది. కానీ మన ఒంటి లెక్క వేరు. భారతీయులకు బీఎంఐ 23 నుంచే అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా చూస్తాం. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఎందుకింత కఠినం అని అడిగేవాళ్లకు నేనొక ఫొటో చూపిస్తాను. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్నిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. మన దగ్గర పైకి సన్నగా కనిపించే మనిషి లోపల కూడా సన్నగా ఉండాలని లేదు. అలాంటిది 32 అంటే మాట్లాడుకోవాల్సిన విషయమే.

రోజంతా ఏం తింటున్నారు

పొద్దున చాయ్, తొమ్మిదింటికి హోటల్లో పూరీయో ఇడ్లీయో. షాపు తెరిచాక వచ్చిన ప్రతి మేస్త్రీతో, ప్రతి కస్టమర్‌తో ఒక చాయ్. అన్నీ కలిపి ఏడు దాకా అవుతున్నాయి. చిన్న గ్లాసే అయినా చక్కెర బాగా పడుతుంది, లెక్కేస్తే రోజుకు 50 గ్రాముల దగ్గర తేలింది. 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మధ్యాహ్నం మాత్రం ఏమీ లేదు. ఫోన్లో వీడియోలు చూసి “లంచ్ బంద్ పెట్టిన” అన్నారు. మరీ ఆకలైతే ఒక కీరా. ఏడింటికి షాపు కుర్రాళ్లతో కలిసి నాలుగు మిర్చీలు. రాత్రి పదికి ఇంట్లో భోజనం.

డైట్ అంటూ ఆయన చేస్తున్న ఒకే ఒక్క పని మధ్యాహ్నం పస్తు. నాకు అన్నిటికన్నా ముందు అనుమానం వచ్చింది దానిమీదే. నాలుగైదు గంటల వేళ షాపు ఖాళీగా ఉంటే ఏం చేస్తారని అడిగితే, నవ్వి, బిర్యానీ వీడియోలు చూస్తానన్నారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మెదడు చేసే పనే అది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. కొన్ని వారాలకే వంటల పుస్తకాలు చదవడం, తిండి గురించే మాట్లాడుకోవడం, కలలు కనడం మొదలైంది. తిండి మళ్లీ దొరికాక చాలామంది కడుపు నిండినా ఆగలేకపోయారు. మా పేషెంటు అదే ప్రయోగాన్ని రోజూ తన మీద తాను చేసుకుంటున్నారు.

అతిగా తినే జబ్బు ఉందేమోనని కూడా చూశాను. ఎక్కువే తింటున్నారు గానీ, ఆపుకోలేకపోతున్నానన్న బాధ, దొంగచాటుగా తినడం, తిన్నాక అసహ్యం లాంటివి లేవు. అర్ధరాత్రి లేచి తినే అలవాటూ లేదు. గురక బాగా ఉందని భార్య చెప్పారు, ఆ సంగతి ఫిజీషియన్‌కు రాశాను.

ఒక పాత ప్రయత్నం కూడా బయటికి వచ్చింది. 2018 ప్రాంతంలో మన రాష్ట్రాల్లో ఊరూరా నడిచిన నూనె డైట్ (అన్నం మానేసి నూనె, కొవ్వు ఎక్కువగా తీసుకునేది) ఈయనా చేశారు. మూడు నెలల్లో 11 కిలోలు తగ్గారు. అప్పుడొక పెళ్లికి పోతే ఎదురైన ప్రతి చుట్టమూ అడిగిన మాట ఒకటే: “ఏందిరా, షుగర్ గిట్ల వచ్చిందా?” తల్లికి దిగులు పట్టుకుంది. కొడుకు ఏదో రోగం దాస్తున్నాడని కురుమూర్తి స్వామికి మొక్కుకున్నారు. ఆయన మళ్లీ అన్నం మొదలుపెట్టారు, ఏడాదిన్నర తిరిగేసరికి పోయిన కిలోలన్నీ వచ్చి, పైన ఇంకో మూడు చేరాయి. కురుమూర్తి జాతరకు పోయి మొక్కు కూడా తీర్చుకుని వచ్చారు.

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే కేసు అర్థం కాదు. మా వైపు ఒళ్లు చేసిన మనిషిని చూసి “మంచిగైండు” అంటారు. చిక్కితే జబ్బు, కాకపోతే అప్పు. బరువు తగ్గినవాణ్ని మెచ్చుకునేవాళ్లు మా దగ్గర ఇప్పుడిప్పుడే పుడుతున్నారు.

ఆకలి చరిత్ర

నేను ప్రతి పేషెంటునూ చిన్నప్పటి తిండి గురించి అడుగుతాను. పాలమూరులోనైతే ఇది అడగకుండా ఫారం మూసే ప్రసక్తే లేదు. ఈయన తల్లిదండ్రులు వలస కూలీలు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె, బొంబాయి వైపు బిల్డింగు పనులకు, కాలువ పనులకు పోయేవాళ్లు. పిల్లవాణ్ని ఊళ్లో నాయనమ్మ దగ్గర వదిలేవాళ్లు. రోజూ జొన్నగటక, జొన్నరొట్టె, ఎర్రకారం. 2 రూపాయలకు కిలో బియ్యం 1983లోనే మొదలైనా, వాళ్ల ఇంట్లో వరి అన్నం పండుగ తిండిగానే చాలా ఏళ్లు నడిచింది. దసరాకో ఉగాదికో అమ్మానాన్న ఇంటికి వస్తే ఆ రాత్రి బియ్యం వండేవాళ్లు. కూర కొనే స్థోమత లేక పచ్చిపులుసు. అమ్మ కలిపి ముద్దలు పెట్టేది. నాలుగు రోజులకు మళ్లీ పోయేది.

ఇదంతా ఆయన నాకు ఒక్కసారి కూర్చుని చెప్పింది కాదు. ముక్కలు ముక్కలుగా, ఫోన్ చూసుకుంటూ చెప్పారు. రాత్రి అన్నం తగ్గించగలరా అని అడిగినప్పుడు మాత్రం తలెత్తి అన్నారు: “చారెడు తిని పండుకుంటే, ఇంట్ల ఎవ్వరు లేనట్టు అనిపిస్తది మేడం.”

తల్లిని కూడా రమ్మన్నాను. అరవై దాటిన మనిషి, మాట కరుకు, చూపు చురుకు. “ఆ కడుపు జూస్తే మీకు భయమైతుందేమో బిడ్డా, నాకైతే నిమ్మలంగ ఉంటది. వాడు బక్కగున్న దినాలు నేను జూసిన. తిండి లేక ఊరిడిశిపోయినం. ఇయ్యాల ఇంట్ల ఉంటె తినొద్దంటె ఎట్ల?”

ఈ ప్రశ్నకు కేలరీల పట్టికలో జవాబు దొరకదు. ఈమె దృష్టిలో కొడుకు పొట్ట జబ్బు కాదు, తన కష్టానికి దక్కిన ఫలితం. ‘తగ్గించండి’ అనే సలహా ఆమెకు ‘మళ్లీ ఆ రోజుల్లోకి పొండి’ అన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఈ ఇంట్లో తీసేయడంతో మొదలుపెట్టకూడదని, ముందు ఏదైనా పెట్టించాలని అనుకున్నాను.

వంటింట్లో తూకం

వీలైతే పేషెంటు ఇంట్లో ఒక పూట వంట, వడ్డన చూస్తాను. ఇక్కడ చూడకపోతే అసలు సంగతి చేజారిపోయేది.

ఆ ఇంట్లో బియ్యానికి కొలత ఒక స్టీలు గ్లాసు, తలకో గ్లాసు. తూకం వేస్తే గ్లాసుకు 180 గ్రాములు. ఐదుగురికి 900 గ్రాముల బియ్యం ఒక్క రాత్రికే. అందులో ఇద్దరు పిల్లలు. అంత ఎందుకంటే, రాత్రి గిన్నె ఖాళీగా ఉండకూడదు, పొద్దున పోపు పెట్టుకోవచ్చు. ఇక పచ్చిపులుసు. పెద్దమ్మ (ఆయన తల్లి) ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నేరుగా మంట మీద కాల్చి, ఉప్పు, జీలకర్ర వేసి చేత్తోనే నలిపి చింతపండు రసంలో కలిపారు. పైన కొత్తిమీర. గిన్నెడు పచ్చిపులుసులో 40 కేలరీలు కూడా ఉండవు. ఆయన ఎంతో ఇష్టపడే, నేను మాన్పిస్తానని భయపడిన పదార్థం నిజానికి అమాయకురాలు.

చిక్కంతా పళ్లెంలో ఉంది. పులుసు పలచన కాబట్టి అన్నం పక్కకు జారుతుంది. పులుసు మిగిలిందని ఇంకో గంటె అన్నం వడ్డిస్తారు. అన్నం పొడిగా అయిందని మళ్లీ పులుసు పోస్తారు. ఒకదానికోసం ఇంకొకటి. నమలాల్సిన పని లేదు, ముద్ద నోట్లోకి పోతే పోయినట్టే. మొదటి వడ్డన ఒక్కటే ఆయన అడిగింది. మిగతావి అడక్కుండానే వచ్చాయి, వద్దని చెయ్యి అడ్డం పెట్టేలోపే గంటె దిగిపోయేది. నేను పళ్లెం కింద స్కేలు పెట్టి చూస్తే అన్నం మొత్తం 540 గ్రాములు తేలింది. దాదాపు 700 కేలరీలు. పక్కన నూనె పోసి కలిపిన పల్లీల పొడి ఇంకో 200. మా వైపు పల్లీ పండని ఊరు తక్కువ, అందుకే చెయ్యి కూడా ధారాళం. పప్పు ఆ రాత్రి లేదు. వంకాయ కూర పిల్లలకే సరిపోయింది.

భార్య ఏం తిన్నారో కూడా చూశాను. అందరూ లేచాక, పొయ్యి దగ్గరే కూర్చుని, మిగిలిన అన్నంలో ఇంత తొక్కు కలుపుకున్నారు. ఆ సంగతి విడిగా రాసుకున్నాను.

ఇష్టమైన తిండి మనసును కుదుట పరుస్తుందా అన్నదాని మీద 2014లో అమెరికాలో ట్రేసీ మాన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. బాధ కలిగించే సినిమా ముక్కలు చూపించి, కొందరికి తమకెంతో ఇష్టమైన తిండి, కొందరికి మామూలు తిండి ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. కాసేపటికి అందరి మూడ్ ఒకేలా కుదుటపడింది. ఆ ఫలితాన్ని మన ఇళ్లకు ఉన్నదున్నట్టు దింపడానికి నేను వెనకాడతాను. ల్యాబులో తిండి ఒక్కటే ఉంటుంది. ఈ ఇంట్లో తిండితో పాటు పక్కన కూర్చుని వడ్డించే తల్లి ఉంది. కానీ ఒక ప్రశ్నకు అది దారి చూపింది. ఈయనకు ఊరట ఇస్తున్నది మూడో వడ్డనా, లేక ఆమె పక్కన కూర్చునే ఆ కాసేపా? రెండోదే అయితే అన్నం తగ్గినా ఊరట తగ్గకూడదు.

ఏం మార్చాం

ముందు మధ్యాహ్నం భోజనం తిరిగి పెట్టించాను. ఇంటి నుంచి క్యారేజీ: రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు లేదా ఏదైనా ఆకుకూర పప్పు ఒక గిన్నె నిండా, ఉడికిన గుడ్డు. ‘తినండి’ అని చెప్పడంతో తల్లికి నా మీద కాస్త నమ్మకం కుదిరింది. రొట్టె దగ్గర మాత్రం ఆమె పేచీ పెట్టారు. “దుకాణంల నలుగురి ముందట రొట్టె దింటె ఏమనుకుంటరు? గరీబోళ్లమని గదా!” ఆ భయం నెల కూడా నిలవలేదు. షుగర్ ఉన్న కస్టమర్లు ఒకరిద్దరు ఆ క్యారేజీ చూసి, రొట్టెలు ఎక్కడ కొంటున్నారని అడగడం మొదలుపెట్టారు.

జొన్న గురించి ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ఈమధ్య దాన్ని మందులా అమ్ముతున్నారు. వంద గ్రాముల జొన్నపిండికీ వంద గ్రాముల బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది. జొన్నలో 10 గ్రాముల దాకా ఉంటే తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. ప్రొటీన్ కొద్దిగా ఎక్కువ. నమలాలి కాబట్టి నిదానంగా తింటాం. అంతే. నాలుగు రొట్టెలు తింటే నాలుగు రొట్టెల లెక్కే.

రాత్రి భోజనంలో పచ్చిపులుసును ముట్టుకోలేదు. దాన్ని పళ్లెంలో పోయకుండా విడిగా గిన్నెలో పెట్టమన్నాను. ముందు పప్పో కూరో గుడ్డో తినాలి, ఆ తర్వాత అన్నం, ఆ అన్నానికి పులుసు ఒక్కసారే. నువ్వులు వేయించి దంచి పులుసులో కలిపితే చిక్కబడుతుందని పెద్దమ్మే చెప్పారు. వాళ్ల అమ్మ అలాగే చేసేదట. బీపీ కోసం ఉప్పు కాస్త తగ్గించారు. అన్నాన్ని ఒక్కసారిగా సగానికి కోయలేదు. 540 నుంచి 400కు, కొన్ని వారాలకు 300కు దించాం. గిన్నె ఖాళీగా ఉండకూడదన్న నియమం అలాగే ఉంది, పొద్దుటికి ఒక గుప్పెడు మిగిల్చినా సరిపోతుందని ఒప్పుకున్నారు. అన్నం ఆయనే వడ్డించుకుంటారు. తల్లి గంటె పక్కన పెట్టి, ఆకు వక్క నములుతూ ఎదురుగా కూర్చుంటారు. తిన్నాక ఇద్దరూ అరుగు మీద కాసేపు.

చాయ్ మానమంటే షాపు నడవదు. చక్కెర సగం చేయించారు. రోజుకు మూడు నాలుగు గ్లాసులకు దిగారు. మిర్చీల గురించి నేనేమీ చెప్పలేదు. మధ్యాహ్నం కడుపు నిండాక ఏడింటికి ఆ ఆత్రం తనంతట తానే తగ్గింది, ఇప్పుడు వారానికోసారి తింటున్నారు. పొద్దున అరగంట నడక. ఇంట్లో బరువు మిషన్ మాత్రం అటక ఎక్కించమన్నాను. రోజుకు రెండు మూడుసార్లు ఎక్కి చూసి, పెరిగితే ఆ పూట మానేసే అలవాటు ఉంది ఆయనకు.

నడిచిన తీరు

మొదటి నెలలో రెండు కిలోలకు కాస్త తక్కువ తగ్గింది. ఆయన పెదవి విరిచారు, నూనె డైట్‌లో నెలకు నాలుగు కిలోలు తగ్గిన మనిషి కదా. అప్పుడు 2006లో వచ్చిన చెన్నై అధ్యయనం గురించి చెప్పాను. డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ గుమ్మంలో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో డయాబెటిస్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. మిషన్ మీద అంకె కదలకపోయినా లోపల మేలు జరగొచ్చని మనవాళ్ల మీదే తేలిన సంగతి ఇది.

దసరాకు బండి పట్టాలు తప్పింది. మటన్, సత్తుపిండి, మలీద, చుట్టాలు. రెండు కిలోలు పెరిగింది. పండుగ నాలుగు రోజులు తినడం నాకు సమస్యగా అనిపించలేదు. అందులో ఒంటికి పట్టిన నీరే ఎక్కువ ఉంటుంది. పండుగ అయ్యాక దానికి శిక్షగా మళ్లీ లంచ్ మానేశారు. అదీ సమస్య. రెండో రోజు రాత్రికే అన్నం పళ్లెం పాత ఎత్తుకు పోయింది. ఏ పండుగ తర్వాతైనా మరుసటి పూట నుంచి మామూలు భోజనమే, పస్తు మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. దీపావళికి పాటించారు.

మధ్యలో బరువు తగ్గించే ఇంజెక్షన్ గురించి అడిగారు. 2025లోనే మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ పేర్లు షాపులో వినిపించాయట. ఆయన బీఎంఐకి ఆ మందులు అసలే కుదరవని చెప్పలేను. అది డాక్టర్ నిర్ణయం. ఫిజీషియన్‌తో మాట్లాడి, నెలనెలా ఖర్చు చూసి, ఇప్పటికి వద్దనుకున్నారు. అవసరమైతే ఆ తలుపు తెరిచే ఉంది.

తొమ్మిది నెలలు దాటేసరికి బరువు 84.5 కిలోలు. మొదటి బరువులో 7 శాతం తగ్గింది. నడుము 100. హెచ్‌బీఏ1సీ 5.8, ట్రైగ్లిజరైడ్లు 172, బీపీ 128/82. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1కు దిగింది. బరువులో 5 శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు కరుగుతుంది కాబట్టి ఇది అనుకున్న ఫలితమే. బీఎంఐ ఇంకా 30 దగ్గరే ఉంది, కాగితం మీద ఆయన ఇప్పటికీ ఊబకాయుడే. ఇంకో నాలుగైదు కిలోలు తగ్గితే మంచిది, తగ్గకపోతే ఉన్నది నిలుపుకున్నా నాకు సమ్మతమే. రాత్రి అన్నం 280 గ్రాముల దగ్గర స్థిరపడింది. ఇంట్లో ఎవరూ లేనట్టు అనిపిస్తోందా అని అడిగాను. “అమ్మ ఎదురుంగ కూసుంటది గదా” అన్నారు.

ఇంకా ‘షుగర్ వచ్చిందా’ అని అడిగేవాళ్లున్నారు. ఇప్పుడు జవాబు తల్లే చెబుతున్నారు: “రాకుండ జేస్కుంటుండు.”

ఇక ఆయన భార్య సంగతి. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు, హిమోగ్లోబిన్ 9.2. ఆడవాళ్లకు 12 ఉండాలి. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే కాబట్టి ఈ అంకెకు నేను ఆశ్చర్యపోలేదు. ఒకే వంటింట్లో ఒకరికి ఊబకాయం, ఒకరికి రక్తం లేకపోవడం మా జిల్లాలో నేను తరచూ చూసేదే. బియ్యం గ్లాసులు తగ్గించినప్పుడే పప్పు, కూర కొలత పెంచమన్నది ఈమె కోసం కూడా. ఆమె గుడ్డు ముందే తీసి పక్కన పెడుతున్నారు. ఐరన్ మాత్రలు డాక్టర్ రాశారు, భోజనం కాగానే తాగే చాయ్‌ను గంట తర్వాతకు జరిపించాను, చాయ్ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. హిమోగ్లోబిన్ 10.6కు వచ్చింది. మాత్రలు ఆపొద్దని చెప్పి, ఆమె పేరుతో వేరే ఫైలు తెరిచాను. పెద్దమ్మకు షుగర్ టెస్టు చేయిద్దామంటే సంక్రాంతి కానీయమన్నారు. సంక్రాంతి అయిపోయింది, ఇప్పుడు ఉగాది అంటున్నారు.